చాయ్ గిలాసెడు పెట్రోలు

రాణిగంజ్‌ల మోటర్లు రివైండింగ్ చేసే గల్లీ చివర
మా షెటర్ సగమే లేస్తది.
వంగి లోపలికొచ్చేటోళ్లు
ఏదో ఒక బరువు ఎత్తుకునే వస్తరు.
గాలెయ్య గోనెసంచిల రంపపు మిషను తెచ్చిండు.

బల్దియా వేలంల కిలోల లెక్కన కొన్నడట.
నేను పుట్టకముందు ఓడల వచ్చిన మిషను,
పదకొండేండ్ల కిందిదాక తను పట్టిన మిషనే.
"నంబరు గుర్తుంది," అన్నడు,
పొక్కులు లేచిన నారింజ రంగు మీద
వేలు పెట్టి తడిమి చూపెట్టిండు.
గాలివాన లేచిన రాత్రి నగరంల ఎక్కడ చెట్టు కూలినా
గాలెయ్యను లేపుకపోయేటోళ్లు.
బస్సు మీద పడ్డ చెట్టు,
కరెంటు తీగెల మీద వాలిన చెట్టు,
ఓసారి పెండ్లి షామియానా మీద.

క్లచ్ మూత విప్పిన.
లోపలంత పొట్టు,
ఆయిలు తాగి నల్లగ, హల్వా తీరు గడ్డకట్టి.
స్క్రూడ్రైవరుతోని పొరలు పొరలుగ పెకిలిస్తుంటె
నడుమ ఒక పొర ఇంకా ఎర్రగనే ఉండె.
గాలెయ్య ముక్కుకాడ పెట్టుకొని
"తుమ్మ," అన్నడు. ఇంకో చిటికెడు తీసి
"ఇది నిద్రగన్నేరు. నాంపల్లి స్టేషన్ ఎదురుంగ."
మూడోది ఏందో చెప్పలే.
కాయితంల పొట్లం కట్టుకొని జేబుల ఏసుకున్నడు.

పుస్తకం లేదు, పార్ట్ దొరకదు.
ఐటీఐల ఫిట్టర్ చేసిన, అక్కడ ఇవన్ని చెప్పలే.
గ్యాస్కెట్ శుభలేఖ అట్టతోని కోసిన,
పెండ్లికూతురి పేరు సగం
కార్బరేటర్ కింద ఉండిపోయింది.
కండెన్సర్ పాత చేతక్ స్కూటరుది.
రింగు కోసం పుత్లీబౌలిల మూడు దినాలు తిరిగి
దొరికినదాన్ని ఆకురాయితోని అరగదీసిన,
వెంట్రుకంత సందు మిగిలేదాక.
కాయిల్‌కు, చక్రానికి నడుమ దూరం
విజిటింగ్ కార్డు పెట్టి చూస్తం మేం.
అది ఒక బిల్డరుది. మంచి మందం కార్డు.

రీకాయిల్ స్ప్రింగ్ ఎగిరొచ్చి కనుబొమ్మ చీరింది.
అఫ్సర్ ఉస్తాద్ నవ్వి తన కనుబొమ్మ చూపెట్టిండు.
ఆయనకు చెవులు పోయి చాన దినాలాయె,
ఇసొంటి మిషన్లే తిన్నయి.
ఇంజను ఎట్లుందో తెలవాల్నంటె
స్క్రూడ్రైవర్ పిడిని పండ్ల నడుమ కరిచి
మొన ఇంజను మీద ఆనిస్తడు.
పనిలకొచ్చిన కొత్తల నేను
ఆయన ఇనుమును కొరుకుతున్నడనుకున్న.

గాలెయ్యకేమో చేతులు.
చాయ్ అందుకుంటె సాసర్ గలగలమంటది,
అందుకే గిలాసల ఇయ్యమంటడు.
డాక్టరు ఏదో పేరు చెప్పిండట, మరిచిపోయిండు.
"మిషన్ బందైంది గని, ఇగో,
ఐడ్లింగ్ నడుస్తనే ఉన్నది,"
అని చేతులు చాపి నవ్వుతడు.

శుక్రవారం, ఉస్తాద్ నమాజుకు పోయొచ్చినంక పెట్టుకున్నం.
చెయిను ఎక్కియ్యలే. అది మొలకు వేలాడుతనే ఉన్నది.
లీటరుకు నలభై మిల్లీ ఆయిలు,
అండ్లకెల్లి చాయ్ గిలాసెడు ట్యాంకుల పోసిన.
తాడు గుంజిన. గుంజిన.
ప్లగ్గు విప్పి, తుడిచి, మళ్ల గుంజిన.
పక్క దుకాణం పోరడు లెక్కపెడుతుండు,
పదిహేడు అన్నకాడ
దగ్గింది.
పద్దెనిమిదికి అందుకుంది.

నీలి పొగ. షెటర్ రేకు మొత్తం దడదడ.
గాలెయ్య లేచి రెండు చేతుల పట్టుకున్నడు.
నేను ఇంజనును చూడలే, చేతులనే చూసిన.
మిషను వణికినంతసేపు
ఆయన చేతులు వణకలే.

ఉస్తాద్ వంగి, పిడి కరిచి, మొన ఆనిచ్చి
కండ్లు మూసుకున్నడు.
"కుడి దిక్కు బేరింగ్ పోతున్నది,
బంద్ చెయ్ బేటీ," అన్నడు.

బంద్ చేసే వైరు ఇంకా కలపనేలేదు.
చోక్ మూస్తె ఆగుతది, నాకు తెలుసు.
ట్యాంకుల ఉన్నది గిలాసెడే.